మూడు రోజుల జ్వరానికి ఐదు రోజుల మందు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే విషయం చుట్టూ తిరిగాయి. హనుమకొండ, భూపాలపల్లి, జగిత్యాల, గోదావరిఖని అని ఊళ్లు వేరైనా, యాంటీబయాటిక్ వేసుకోవాలా వద్దా, వేసుకుంటే ఎన్నాళ్లు అన్నదే అందరి సందేహం. వానకాలపు జ్వరాలు ముసురుకున్న రోజులు కనుక మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను. ఉత్తరాలను కుదించాను, పేర్లు తీసివేశాను.

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. జూన్‌లో బడిలో వేసినప్పటి నుంచి నెలకొకసారి సర్ది, జ్వరం వస్తున్నాయి. ఇంతకుముందు మా వీధిలోని మెడికల్ షాపులో ఇచ్చిన అజిత్రోమైసిన్ సిరప్ మూడు రోజులు తాగిస్తే తగ్గిపోయేది. ఈసారి పిల్లల డాక్టరు గారికి చూపిస్తే పారాసిటమాల్, ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు మాత్రమే రాశారు. చీమిడి పచ్చగా మారిందని చెప్పినా యాంటీబయాటిక్ అక్కర లేదన్నారు. మూడు వందల ఫీజు కట్టి వట్టి చేతులతో తిరిగి వచ్చినట్టు అనిపించింది. ఎవరి మాట నమ్మాలి?
— ఒక తల్లి, నయీంనగర్, హనుమకొండ

జవాబు: అమ్మా, డాక్టరు గారి మాటనే నమ్మండి. పిల్లవాడి ఛాతీ విని, గొంతు చూసి, మందు అక్కర లేదని తల్లికి ఎదురుగా చెప్పడానికి, చీటీ మీద ఒక సిరప్ పేరు రాసివ్వడం కంటే ఎక్కువ సమయమూ ధైర్యమూ కావాలి. మీ మూడు వందలు వృథా కాలేదు.

జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా గోడను పగలగొట్టడమో, అది ప్రోటీన్లు తయారు చేసుకునే యంత్రాంగాన్ని ఆపడమో చేస్తుంది. వైరస్‌కు ఆ గోడా లేదు, ఆ యంత్రాంగమూ లేదు కనుక మందుకు అక్కడ పట్టు దొరకదు. బడిలో కొత్తగా చేరిన పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. పది మంది పిల్లల మధ్య కూర్చోవడం మొదలుపెట్టిన తరువాత ఒంటికి కొత్త వైరస్‌లతో పరిచయం కావలసిందే. అటువంటి జ్వరం సాధారణంగా రెండు మూడు రోజులు ఉండి దిగిపోతుంది. మీరు ఒక రోజు ఓపిక పట్టి, రెండో రోజు సిరప్ కొని, మూడో నాలుగో రోజుకు పిల్లవాడు ఆడుకోవడం చూసి, గుణం సిరప్‌దే అనుకున్నారు. మబ్బులు కమ్మి ఉన్న రోజున పిల్లలు కప్పతల్లి ఆడితే సాయంత్రానికి వాన పడుతుంది, ఆ వాన తమ ఆట వల్లనే పడిందని వాళ్లు నమ్ముతారు. కప్పతల్లి వల్ల నష్టం లేదు, అజిత్రోమైసిన్ వల్ల ఉన్నది. ఆ మందు ఒంట్లో చాలా నెమ్మదిగా తరుగుతుంది, ఆఖరి మోతాదు తాగించిన తరువాత కూడా కొన్ని రోజుల పాటు తక్కువ పాళ్లలో కణజాలంలో నిలిచి ఉంటుంది. పేగుల్లోనూ గొంతులోనూ ఉండే మామూలు బ్యాక్టీరియాకు ఆ కొద్దిపాటి మందును తట్టుకోవడం అలవాటు కావడానికి అంతకంటే అనువైన సమయం ఉండదు. నెలకొకసారి తాగిస్తే ఆ అలవాటు నెలకొకసారి గట్టిపడుతుంది.

పచ్చ చీమిడి గురించి మీకు కలిగిన భయం చాలా ఇళ్లలో ఉన్నదే. వైరస్‌తో పోరాడడానికి వచ్చిన తెల్ల రక్తకణాలలో పచ్చని రంగు గల ఒక ఎంజైమ్ ఉంటుంది. అవి ముక్కులో పోగై నశించినప్పుడు ఆ రంగే చీమిడికి వస్తుంది. రంగును బట్టి బ్యాక్టీరియా అని నిర్ణయించలేము. జలుబు పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరంతో తిరగబెట్టినా అప్పుడు ఆలోచించవలసి వస్తుంది.

గొంతునొప్పిలో ఒక మినహాయింపు ఉన్నది. బడి పిల్లల గొంతునొప్పుల్లో సుమారు నాలుగో వంతుకు స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా కారణమవుతుంది. దానికి పెన్సిలిన్ జాతి మందు తప్పక ఇవ్వాలి, ఎందుకంటే వదిలేస్తే కొందరిలో కీళ్లవాత జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి. ఆ గొంతునొప్పిలో సాధారణంగా దగ్గు, ముక్కు కారడం ఉండవు. జ్వరం ఎక్కువగా ఉంటుంది, టాన్సిల్స్ మీద తెల్లటి పొర, మెడలో నొప్పి పెట్టే గడ్డలు కనిపిస్తాయి. మీ బాబుకు ముక్కు కారుతున్నదంటేనే ఆ అనుమానం చాలావరకు తొలగిపోతుంది.

ఇంట్లో మీరు గమనించవలసినది రంగును కాదు, ఊపిరిని. బాబు నిద్రపోతున్నప్పుడో నిమ్మళంగా ఉన్నప్పుడో పొట్ట ఎత్తు పల్లాలను గడియారం చూస్తూ నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టండి. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలలో అది 40కి చేరినా దాటినా, రెండు నెలల నుంచి ఏడాది లోపు వారిలో 50కి, రెండు నెలల లోపు పసికందులలో 60కి చేరినా నిమోనియా కావచ్చు, వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. డొక్కలు ఎగరేయడం, పాలు నీళ్లు తాగకపోవడం, మత్తుగా పడి ఉండడం, ఫిట్స్ రావడం అంతకంటే అత్యవసరమైనవి. మూడు నెలల లోపు పసికందుకు జ్వరం వస్తే మాత్రం ఇంట్లో ఏ లెక్కలూ పెట్టుకోకుండా బయలుదేరాలి. ఏడాది నిండిన పిల్లలకు రాత్రి దగ్గుకు ఒక చెంచా తేనె మంచి ఉపశమనం. ఏడాది లోపు వారికి తేనె నాకించకూడదు.

ప్రశ్న: నేను ఎనుమాముల మార్కెట్‌లో హమాలీని. మిర్చి సీజన్‌లో దగ్గు మాకు అందరికీ ఉండేదే. కానీ ఈసారి సీజన్ ముగిసి రెండు నెలలైనా నాకు దగ్గు పోలేదు. షాపులో అడిగి ఒకసారి అజిత్రోమైసిన్, ఇంకోసారి లెవోఫ్లాక్సాసిన్ వాడాను. రెండోది వాడినప్పుడు పది రోజులు బాగానే ఉండి మళ్లీ మొదలైంది. ఇంకా బలమైన మందు ఏదైనా ఉంటే చెప్పగలరు.
— ఒక కార్మికుడు, వరంగల్

జవాబు: బలమైన మందు ముందు కాదు, ముందు తెమడ పరీక్ష. రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ కాదని తేల్చుకున్న తరువాతనే మరో ఆలోచన చేయాలి. పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితం. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన వాక్యం లెవోఫ్లాక్సాసిన్‌తో పది రోజులు బాగున్నదన్నది. ఆ జాతి మందులు క్షయ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తాయి, మందులకు లొంగని క్షయ చికిత్సలో వాటిని వాడుతారు. అటువంటి మందును ఒక్కదానినే వారం రోజులు వేసుకుంటే క్షయ ఉన్నవారిలో అది కొంత అణగి, తగ్గిందన్న భ్రమ కలుగుతుంది, పరీక్ష ఆలస్యమవుతుంది, మిగిలిన క్రిములు ఆ మందును ఎదుర్కోవడం నేర్చుకుంటాయి, ఈలోగా ఒకే గదిలో పడుకునే ఇంటిల్లిపాదికీ దగ్గు తుంపరలు చేరుతుంటాయి. మీకు క్షయ ఉన్నదని నేను అనడం లేదు. తేలకుండా మూడో మందు వేసుకోవద్దని అంటున్నాను. పరీక్షకు పోయినప్పుడు ఇంతవరకు వాడిన మందుల స్ట్రిప్పులు ఉంటే తీసుకుపోయి చూపించండి, పేర్లు నోటితో చెప్పడం కంటే అది నయం.

క్షయ కాదని తేలితే, మిర్చి ఘాటు, దుమ్ము ఏళ్ల తరబడి పీల్చిన శ్వాసనాళాలు బిగుసుకుపోవడం వల్ల ఈ దగ్గు వస్తున్నదా అని చూడాలి. దానికి మందు యాంటీబయాటిక్ కాదు, పీల్చే మందు. ఇన్‌హేలర్ అంటే మనవాళ్లకు ఎందుకో భయం, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలంటారు. అదే నోటితో ప్రతి నెలా ఏదో ఒక యాంటీబయాటిక్ మింగడానికి భయపడరు. మీరు బీడీ, సిగరెట్ తాగేవారైతే ఆ విషయం డాక్టరుకు దాచకండి. బస్తాలు దింపేటప్పుడు ముక్కుకు, నోటికి తడి తువ్వాలు కాకుండా ముఖానికి బిగుతుగా ఉండే మాస్కు కట్టుకోండి. చెమటకు ఊపిరాడదని తీసేస్తారని తెలుసు, కనీసం మిర్చి గుమ్మరించే సమయంలోనైనా ఉంచుకోండి.

ప్రశ్న: నాకు ఏటా పత్తి ఏరే రోజులకు కొద్దిగా ముందు జ్వరం వస్తుంది. మా ఊరి ఆరెంపీ సూది వేసి సెలైన్ ఎక్కిస్తే ఆ పూటకే లేచి తిరుగుతాను. రక్తపరీక్ష చేయిస్తే ప్రతిసారీ టైఫాయిడ్ అంటారు. పోయిన ఏడు 160 పాయింట్లు, ఈసారి 320. ఐదు రోజులు రెండు పూటలా సూదులు వేయించుకున్నాను, అయినా జ్వరం పూర్తిగా వదలలేదు. టైఫాయిడ్ ఇట్లా ఏటా వస్తుందా?
— ఒక రైతు, జయశంకర్ భూపాలపల్లి జిల్లా

జవాబు: ఏటా రావడం అరుదు. మీకు ఏటా వస్తున్నది టైఫాయిడ్ కాకుండా టైఫాయిడ్ రిపోర్టు అయి ఉండే అవకాశమే ఎక్కువ. ఆ పాయింట్లు చూపే పరీక్ష పేరు వైడాల్, 1896 నాటిది. అది క్రిమిని చూడదు, క్రిమికి విరుద్ధంగా ఒంట్లో తయారైన ప్రతిరక్షకాలను చూస్తుంది. టైఫాయిడ్ తరచుగా ఉండే మన ప్రాంతంలో ఎప్పుడో వచ్చిపోయిన జ్వరం వల్లనో, వేయించుకున్న టీకా వల్లనో, మరొక జ్వరం వల్లనో కూడా ఆ పాయింట్లు పెరిగి కనిపించవచ్చు. ఒక్కసారి చేసిన వైడాల్‌ను పట్టుకుని టైఫాయిడ్ అని చెప్పడం, నది ఒడ్డున తడి చూసి నిన్న వరద వచ్చిందనడం వంటిది. ఖాయంగా తెలియాలంటే బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష, చేయాలి, అదీ మొదటి వారంలో, యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే చేయాలి. మన దగ్గర జరిగేది సరిగ్గా తలకిందులు: ముందు సూది, ఐదో రోజున పరీక్ష.

ఇక ఆ పూటకే లేచి తిరగడం సంగతి. ఏ యాంటీబయాటిక్ కూడా గంటలో జ్వరం దించదు. నిజమైన టైఫాయిడ్‌లో సరైన మందు పడినా జ్వరం దిగడానికి సాధారణంగా మూడు నుంచి ఐదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. ఆ పూటకు మిమ్మల్ని లేపినది సూదితో పాటు ఇచ్చిన జ్వరం మందో, నొప్పి మందో, స్టెరాయిడో అయి ఉంటుంది. పేరు రాయని పొట్లంలో మూడు రంగుల గోలీలు ఇస్తే వాటిలో స్టెరాయిడ్ ఉండే అవకాశం తక్కువేమీ కాదు. జ్వరం డెంగీ అయితే డైక్లోఫెనాక్ వంటి నొప్పి సూది రక్తస్రావానికి దారి తీయవచ్చు. స్టెరాయిడ్ లోపలి జబ్బును కప్పిపెడుతుంది. సెలైన్ సంగతి కూడా లెక్క చూడండి. ఐదు శాతం గ్లూకోజ్ ఉన్న అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. రెండు అరటిపండ్లు తింటే అంతకు మించిన బలం వస్తుంది. వాంతులతో నీళ్లు నిలవనివారికి అది ప్రాణం పోస్తుంది, నోటితో తాగగలిగిన వారికి ఓఆర్ఎస్ చాలు.

ఆరెంపీని తిట్టడం నా ఉద్దేశం కాదు. రాత్రి పదకొండింటికి పిలిస్తే బండి వేసుకుని వచ్చే మనిషి ఊళ్లో ఆయన ఒక్కడే అయినప్పుడు, నాలుగు వంద రూపాయల నోట్లకు నాలుగు మందులు కనిపించాలని మనమే పట్టుబట్టినప్పుడు, తప్పు ఒకరిదే అనలేము. అయితే ఆయనను అడగవలసినది సూది కాదు, జ్వరం ఏమిటో తేల్చే దారి. మలేరియా పరీక్షను ఊళ్లోని ఆశ కార్యకర్త వద్దనే చేయించుకోవచ్చు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే జిల్లా డయాగ్నస్టిక్స్ కేంద్రానికి పంపి ఉచితంగా పరీక్ష చేయిస్తారు. కల్చర్ అవసరమైతే వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి పంపుతారు.

ఐదు రోజుల సూదులకు కూడా వదలని జ్వరం అన్నారు కనుక ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. పొదల్లో, గట్ల మీది గడ్డిలో ఉండే సన్నని పురుగుల పిల్లలు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. వానకాలం నుంచి చలికాలం మొదలు వరకు, పొలాల్లో తిరిగేవారిలో ఎక్కువ. చంకలో, గజ్జల్లో, నడుము మడతలో బీడీతో చురక పెట్టినట్టు నల్లటి పొక్కు కనిపిస్తే అదే గుర్తు, అందరిలోనూ కనిపించదు. టైఫాయిడ్‌కు వాడే సెఫ్ట్రియాక్సోన్ సూదులు ఎన్ని వేసినా ఈ క్రిమి మీద పనిచేయవు, చవకైన డాక్సీసైక్లిన్ గోలీ పనిచేస్తుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. అంటే ఇక్కడ యాంటీబయాటిక్ తప్పనిసరి, తొందరగా కూడా కావాలి, కానీ సరైనది కావాలి. డాక్సీసైక్లిన్ పుట్టిన టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నేతృత్వంలో పనిచేసిన శాస్త్రవేత్తల వల్ల. ఒక తెలుగువాడి పర్యవేక్షణలో వచ్చిన మందు జాతి మన పొలం జ్వరానికి ఇప్పటికీ పనికివస్తున్నది.

నిజమైన టైఫాయిడ్ భయం ఉన్న ఇళ్లలో కాచి చల్లార్చిన నీళ్లతో పాటు టీకా కూడా ఉన్నదని గుర్తుంచుకోండి. హైదరాబాద్‌లో తయారైన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను ఆరు నెలలు దాటిన పిల్లలకు కూడా వేయవచ్చు.

ప్రశ్న: మాకు రెండు ముర్రా బర్రెలు ఉన్నాయి, పాలు కేంద్రంలో పోస్తాము. ఒకదానికి పొదుగువాపు వచ్చి మందు ట్యూబులు ఎక్కించాము. ఆ పాలు మరిగిస్తే దోషం పోతుందని పక్కింటివాళ్లు అన్నారు. నిజమేనా? ఆ రోజుల పాలు తోడు వేస్తే పెరుగు కూడా సరిగా కాలేదు.
— ఒక గృహిణి, జనగామ జిల్లా

జవాబు: మీ పెరుగే మీకు జవాబు చెప్పింది. పాలను తోడుకునేలా చేసేది కూడా బ్యాక్టీరియానే. పొదుగులోకి ఎక్కించిన యాంటీబయాటిక్ పాలలోకి దిగి ఆ బ్యాక్టీరియాను చంపితే పాలు పాలుగానే ఉండిపోతాయి. మీరు పాలు కాచే తోడు వేసి ఉంటారు కదా, అంటే మరిగించినా మందు పోలేదన్నమాట. చాలా యాంటీబయాటిక్‌ల అవశేషాలు మరిగించడం వల్ల పూర్తిగా నశించవు. ఆ పాలు కేంద్రంలో పోస్తే వందల ఇళ్ల పాలలో కలుస్తాయి. పెన్సిలిన్ పడనివారికి అలర్జీ రావచ్చు, తాగిన వారందరి పేగుల్లోని క్రిములకు కొద్దికొద్దిగా మందు రుచి చూపినట్టు అవుతుంది.

మందు పెట్టె మీద ఎన్ని రోజుల పాలు వాడకూడదో రాసి ఉంటుంది. రాసి లేకపోతే మన దేశపు నిబంధనల ప్రకారం పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. ఆఖరి మోతాదు ఇచ్చిన నాటి నుంచి లెక్క. మందు ఒక్క చన్నులోకి ఎక్కించినా నాలుగు చన్నుల పాలూ పక్కన పెట్టాలి, దూడకు తాగించకూడదు. వారం రోజుల పాల డబ్బు పోతుందన్న బాధ నాకు తెలుసు, అందుకే పశువైద్యుడు చూడకముందే ట్యూబు ఎక్కించవద్దని చెప్పేది. ప్రతి పొదుగువాపుకూ ట్యూబు అక్కర లేదు. పితికే ముందు చేతులు, పొదుగు కడగడం, పితికిన తరువాత చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచడం, ఆ తరువాత అరగంట బర్రెను పడుకోనీయకుండా మేత వేయడం అనే మూడు అలవాట్లు ట్యూబుల ఖర్చును బాగా తగ్గిస్తాయి. కోళ్లు పెంచేవారికి కూడా ఒక మాట. మనుషులకు ఆఖరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్‌ను పశువులు, కోళ్లు, చేపల పెంపకంలో వాడకుండా 2019లోనే ప్రభుత్వం నిషేధించింది. మేతలో కలిపే పొడి ఏదైనా కొనేముందు దాని పెట్టె మీది పేర్లు చదివించుకోండి.

ప్రశ్న: నేను జగిత్యాలలో ఒక మెడికల్ షాపులో పని చేస్తున్నాను. చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వనంటే గిరాకీ పక్క షాపుకు పోతుంది, ఓనరు నన్ను అంటాడు. చట్టం ఏమంటున్నది? నేను ఏమి చేయగలను?
— ఒక ఫార్మసిస్టు

జవాబు: చట్టం స్పష్టంగానే ఉన్నది. యాంటీబయాటిక్‌లు డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మందులు. వాటిలో సెఫిక్సిమ్ వంటి కొన్నిటిని షెడ్యూల్ హెచ్1లో, అంటే మరింత కట్టుదిట్టంగా అమ్మవలసిన మందుల జాబితాలో, చేర్చారు. 2014 మార్చి 1 నుంచి అమలులో ఉన్న ఆ నిబంధన ప్రకారం రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. స్ట్రిప్పు మీద నిలువుగా ఉండే ఎర్రగీత గురించి 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రచారం కూడా చేసింది, అయినా ఆ గీత ఎందుకో కొనేవారిలో చాలామందికి తెలియదు.

పెన్సిలిన్ కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలో ఒక ఊహాకథ చెప్పాడు. గొంతునొప్పి వచ్చిన ఒకాయన సొంతంగా పెన్సిలిన్ కొని చాలీచాలనంత వాడుతాడు. చావకుండా మిగిలి మందును తట్టుకోవడం నేర్చిన క్రిములు ఆయన భార్యకు అంటుకుంటాయి. ఆమెకు నిమోనియా వస్తుంది, పెన్సిలిన్ పనిచేయక చనిపోతుంది. ఆ కథ మొదలైన చోటు మీ కౌంటరే. అందులో మీకు ఉన్న శక్తిని తక్కువ చేసుకోకండి. వచ్చినవారిని ఎన్ని రోజుల జ్వరం, ఊపిరి ఆడుతున్నదా, షుగరు ఉన్నదా, గర్భిణియా అని నాలుగు ప్రశ్నలు అడగండి; రెండు రోజుల సర్ది అయితే పారాసిటమాల్, ఓఆర్ఎస్, ఒక థర్మామీటరు అమ్మండి. గిరాకీ కూడా పోదు, ఓనరు కూడా ఏమీ అనడు. ఆయాసం, మత్తు, ఆగని వాంతులు ఉన్నవారిని మందు ఇవ్వకుండా దవాఖానకు పంపండి. అన్నిటికంటే ప్రమాదం రెండేళ్ల కిందటి చీటీ తెచ్చి "పోయినసారి ఇదే పనిచేసింది" అనేవారితో. వారికి మాత్రం మెత్తబడకండి.

ప్రశ్న: నేను సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాను, వయసు 67, షుగరు ఉన్నది. మామూలు పరీక్షలతో పాటు యూరిన్ కల్చర్ చేయిస్తే ఈ-కోలి ఉన్నదని, చాలా మందుల ఎదురుగా ఆర్ అని రిపోర్టు వచ్చింది. మంట గానీ జ్వరం గానీ లేవు. ల్యాబు అబ్బాయి సూదులు వేయించుకోక తప్పదన్నాడు. భయంగా ఉన్నది.
— ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: మంట, జ్వరం, నడుము పక్క నొప్పి, మాటిమాటికి మూత్రం రావడం వంటివేవీ లేనప్పుడు మీకు ఏ యాంటీబయాటిక్ అక్కర లేదు. వయసు పైబడినవారిలో, షుగరు ఉన్నవారిలో మూత్రంలో బ్యాక్టీరియా ఏ బాధా పెట్టకుండా ఉండడం సాధారణం. దాన్ని మందులతో చంపినా కొద్ది రోజుల్లో మళ్లీ చేరుతుంది, ఈసారి మరింత మొండిది చేరుతుంది. గర్భిణులకు, మూత్రనాళంలో ఆపరేషన్ చేయించుకోబోయేవారికి మాత్రమే బాధ లేకపోయినా చికిత్స చేస్తారు. రోగికి వైద్యం చేయాలి గానీ రిపోర్టుకు కాదని మా గురువులు వార్డులో రోజూ అనేవారు.

ఎస్ అంటే ఆ మందుకు క్రిమి లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. మీ రిపోర్టులో అన్ని ఆర్‌లు ఉండడం ఇంతకాలం మీరో, మీ చుట్టూ ఉన్నవారో వాడిన మందుల చరిత్ర. బ్యాక్టీరియా తమ నిరోధక జన్యువులను ఒకదాని నుంచి మరొకదానికి చేతులు మార్చుకోగలవు కనుక అది మీ ఒక్కరి తప్పు కానవసరం లేదు. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019 ఒక్క సంవత్సరంలో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది నేరుగా మరణించారని అంచనా. ఆ రిపోర్టును పారవేయకుండా ఫైలులో పెట్టండి. ఎప్పుడైనా చలి జ్వరంతో మూత్రం ఇన్‌ఫెక్షన్ వస్తే ఆనాడు డాక్టరుకు అది పనికివస్తుంది. ఈలోగా షుగరును అదుపులో ఉంచుకోండి, మూత్రం ఆపుకోకండి.

ప్రశ్న: నాకు నిమోనియా వస్తే డాక్టరు ఏడు రోజులకు మందు రాశారు. మూడో రోజుకే బాగైంది, ఆపేశాను. నాలుగు రోజుల గోలీలు మిగిలాయి. పంటినొప్పికి, గాయానికి ఉపయోగపడతాయని దాచాను. మా ఇంట్లో గాయం మీద క్యాప్సూల్ విప్పి పొడి చల్లడం అలవాటు.
— ఒక పాఠకురాలు, హుజూరాబాద్

జవాబు: కోర్సు పొడవు గురించి వైద్యుల ఆలోచన కూడా మారుతున్నది. పూర్వం పది పద్నాలుగు రోజులు రాసిన చాలా జబ్బులకు ఇప్పుడు ఐదారు రోజులు చాలంటున్నారు. బయట సోకిన సాధారణ నిమోనియాకు ఐదు రోజులు చాలని మన దేశపు వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2022 మార్గదర్శకాలే చెబుతున్నాయి. క్షయకు ఆ మాట వర్తించదు, దానికి నెలల తరబడి వాడవలసిందే. కనుక బాగైనప్పుడు ముందే ఆపవచ్చా అని డాక్టరును అడగడం తప్పు కాదు, అడగకుండా ఆపడం తప్పు. మీకు తిరిగి దగ్గు, జ్వరం రాలేదు గనుక పోయినదానికి చింత వద్దు. వస్తే మాత్రం మిగిలిన గోలీలు మింగకుండా డాక్టరుకు చూపించుకోండి.

పంటినొప్పి పంటి లోపలి నరం వాపు వల్ల వస్తుంది, దాన్ని తగ్గించేది పంటి డాక్టరు చేసే చికిత్స. ముఖం వాచి జ్వరం వస్తే తప్ప అక్కడ యాంటీబయాటిక్‌కు పని లేదు. గాయం మీద పొడి చల్లితే కింద చీము మూసుకుపోతుంది, కొందరికి తీవ్రమైన అలర్జీ కూడా వస్తుంది. పారే నీటితో సబ్బు పెట్టి ఐదు నిమిషాలు కడగడం ఏ క్యాప్సూల్ కంటే మేలు, ధనుర్వాతం టీకా సంగతి కూడా చూసుకోండి. దాచిన గోలీలను మోరీలో వేయవద్దు. 2007లో పటాన్‌చెరు సమీపంలో మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసిన తరువాత బయటకు వచ్చే నీటిని పరీక్షించిన పరిశోధకులు, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని ప్రకటించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదాని కంటే అది ఎక్కువ. మీ నాలుగు రోజుల గోలీలు అంత చేయవు, అయినా మందు నీళ్లలో చేరకపోవడమే మంచిది. వాటిని నలిపి వాడేసిన చాయ్ పత్తీతోనో బూడిదతోనో కలిపి, కవరులో కట్టి చెత్త బండిలో ఇవ్వండి. మందుల డబ్బాలో ఆ చోటున ఒక థర్మామీటరు, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు, ఒక పారాసిటమాల్ స్ట్రిప్పు ఉంచుకోండి.